యెరికో గోడ, ఆగిన యొర్దాను, తప్పిపోయిన రోజు: పాత నిబంధన అద్భుతాలకు మట్టిలో, రాతిలో ఏముంది?

బెరయ_పాఠకుడు:
అందరికీ వందనాలు. మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ ప్రసంగాల్లో "రుజువు దొరికింది" అంటూ తిరిగేవి ముఖ్యంగా నాలుగు. యెరికో గోడలు కూలిన ఆనవాళ్లు, ఎర్రసముద్రం అడుగున రథచక్రాలు, నాసా కంప్యూటర్‌కి తగిలిన తప్పిపోయిన రోజు, సొదొమ మీద పడిన అగ్ని. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన ఈ థ్రెడ్‌లో వద్దండి, దానికి వేరే థ్రెడ్లున్నాయి. ఇక్కడ అడిగేది ఒకటే: చేత్తో పట్టుకోగల, కాలం లెక్కగట్టగల ఆధారం ఒక్కోదానికి ఏముంది? అది ఎక్కడిదాకా చెబుతుంది, ఎక్కడ ఆగుతుంది? యెరికోతో మొదలుపెడదాం.

మట్టిపొర:
మన చేతిలో ఉన్న పాత తెలుగు వ్యాఖ్యాన గ్రంథాల్లో కనబడే "యెరికో గోడ" ఫోటోలు చాలావరకు పురావస్తు శాస్త్రవేత్త జాన్ గార్‌స్టాంగ్ తవ్వకాలవి. ఆయన 1930 నుంచి 1936 దాకా పాత యెరికో ఉన్న టెల్ ఎస్ సుల్తాన్ దిబ్బ మీద తవ్వారు. ఒకదాని వెనక ఒకటిగా కూలిన రెండు పచ్చి ఇటుక గోడలు బయటపడ్డాయి. అవి యెహోషువ నాటివని, కాలం సుమారు క్రీ.పూ. 1400 అని ప్రకటించారు.

1952 నుంచి 1958 దాకా ఇంకో పురావస్తు శాస్త్రవేత్త క్యాథ్లీన్ కెన్యన్ అదే దిబ్బను ఇంకో పద్ధతిలో తవ్వారు. లోతుగా, సన్నగా కందకం తీసి, పక్క గోడల మట్టిని కదపకుండా నిలిపి, అందులో కనబడే ప్రతి పొరనూ గీసుకున్నారు. గార్‌స్టాంగ్ గోడలు తొలి కంచుయుగానివని తేలింది. యెహోషువకు ఎవరు ఏ తేదీ ఇచ్చినా, అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందువి.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే దిబ్బల తవ్వకాల్లో ఇది తరచూ జరిగేదే. వానకు దిబ్బ అంచు కోసుకుపోతుంది. పై పొరలు పోయి, ఎప్పటిదో పాత గోడ పైకి తేలుతుంది. దాని పక్కకే తరువాతి కాలపు పెంకులు జారి చేరతాయి. పొరను చూడకుండా లోతును మాత్రమే చూసి తేదీ కడితే రెండూ ఒకే కాలానివిగా కనిపిస్తాయి.

అయితే కెన్యన్‌కి ఇంకోటి కూడా దొరికింది. మధ్య కంచుయుగం చివర్లో ఊరు మొత్తం కాలిపోయింది. బూడిద, కూలిన ఇటుక కలిసి మీటరు మందం దాకా ఉంది. మాడిన దూలాలు, గింజలతో నిండిన జాడీలు ఉన్నాయి. ఆమె దానికి ఇచ్చిన తేదీ సుమారు క్రీ.పూ. 1550. నిజమైన వాదన ఈ కాలిన పొర గురించే. ఫోటోలోని గోడ గురించి కాదు.

దివిటీ:
మట్టిపొర గారూ, గార్‌స్టాంగ్ గోడ విషయంలో మీతో పేచీ లేదు. కానీ కెన్యన్ 1550 అన్నది దొరికినదాన్ని బట్టి కాదు, దొరకనిదాన్ని బట్టి. సైప్రస్ నుంచి దిగుమతయ్యే రంగు కుండలు ఆ పొరలో లేవు కాబట్టి ఊరు అంతకుముందే నాశనమైందన్నారు. పురావస్తు పరిశోధకుడు బ్రయంట్ వుడ్ 1990లో దీన్నే పట్టుకున్నారు. ఆమె తవ్వింది సామాన్యుల ఇళ్లున్న చిన్న భాగం, ఆ ఊరేమో వర్తక మార్గాలకు దూరం. అలాంటిచోట ఖరీదైన దిగుమతి కుండ దొరకకపోతే దాన్ని తేదీగా తీసుకోవడం బలహీనమైన వాదన. స్థానిక వంటకుండల ఆకారాలు చూస్తే క్రీ.పూ. 1400 దగ్గరకే వస్తాయని ఆయన వాదన.

ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, గింజల జాడీలు. నెలల తరబడి ముట్టడి జరిగితే లోపలివాళ్లు గింజలు తినేస్తారు. గెలిచినవాళ్లు మామూలుగా దోచుకుంటారు. ఇక్కడ నిండుగా ఉన్నవి నిండుగానే కాలిపోయాయి. యెహోషువ 3:15 కోతకాలం అంటుంది. 6వ అధ్యాయం ముట్టడిని ఏడు రోజులకే ముగించి, లోహం తప్ప మిగతాదంతా కాల్చేశారంటుంది. రెండోది, దిబ్బ మట్టి జారకుండా చుట్టూ కట్టిన రాతి గోడ పాదం దగ్గర ఎర్ర ఇటుకల కుప్ప. కెన్యన్ సొంత బొమ్మలోనే అది గోడ బయటివైపు పడి ఉంది. ఎవరికి వారు ఎదురుగా ఎక్కి వెళ్లారన్న వాక్యానికి అది సరిపోతుంది.

కార్బన్_కొలత:
దివిటీ గారి గింజల వాదన మంచిదే. ఆ గింజలే తేదీ కూడా చెబుతాయి, అందుకే వాటి దగ్గర కాస్త ఆగుదాం.

కెన్యన్ తవ్వకాల్లో దాచి ఉంచిన కాలిన పదార్థంలో ఇంకా మిగిలిన రేడియోకార్బన్‌ని (కాలం గడిచేకొద్దీ తరిగిపోయే కార్బన్) బ్రూయిన్స్, వాన్ డెర్ ప్లిఖ్ట్ నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రయోగశాలలో కొలిచి 1995లో ప్రచురించారు. బొగ్గు నమూనాలు 12, గింజలవి 6. బొగ్గు సగటు 3370±6 బీపీ, గింజల సగటు 3306±7 బీపీ. బీపీ అంటే 1950ని సున్నాగా పెట్టుకున్న ముడి కార్బన్ వయసు, క్యాలెండర్ సంవత్సరం కాదు.

రెండు సగటుల మధ్య 64 ఏళ్ల తేడా ఎందుకొచ్చింది? దూలానికి వాడిన చెట్టు లోపలి వలయాలు చెట్టు నరకడానికి దశాబ్దాల ముందే కార్బన్ తీసుకోవడం మానేస్తాయి. దూలం ఇంట్లో ఇంకొన్ని దశాబ్దాలు ఉంటుంది. గింజ అలా కాదు, ఆ ఏడాది గాలినే పట్టుకుని ఆ ఏడాదో మరుసటేడో కాలిపోతుంది. అందుకే ఊరు కాలిన తేదీకి గింజే లెక్క. 3306ని చెట్టు వలయాల క్యాలెండర్ వక్రంతో సరిచూస్తే క్రీ.పూ. 1500 కంటే ముందే పడుతుంది, ఎక్కువ భాగం 16వ శతాబ్దంలో. 1400 రావాలంటే ముడి వయసు 3100 చుట్టూ ఉండాలి.

వుడ్ వ్యాసంలో 1400కి మద్దతుగా చూపిన కార్బన్ తేదీ ఒకటుంది: బ్రిటిష్ మ్యూజియం బొగ్గు నమూనా, బీఎమ్ 1790, అప్పట్లో 3080±40. ఆ ప్రయోగశాల 1980 నుంచి 1984 మధ్య కొలిచిన నమూనాల్లో ఒక క్రమబద్ధమైన దోషం ఉందని తామే గుర్తించి, సవరించిన విలువలు ప్రచురించింది. సవరించాక అది 3300±110. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ పాత అంకెనే చూపుతున్నారు. ఎక్కడైనా కార్బన్ తేదీ కనబడితే ముందు నమూనా సంఖ్య వెతకండి, తరువాత సవరణ ఉందా చూడండి, ఆపైన అది గింజా దూలమా అని అడగండి.

సారెతాను_దారి:
ఒక సందేహం అన్నా. యెరికో ఊట నీరు సున్నపురాతి కొండల్లోంచి వస్తుంది. 2 రాజులు 2లో ఎలీషా బాగుచేసిన ఊట అని చూపించేది దాన్నే. సున్నపురాతిలో పాత కార్బన్ ఉంటుంది కదా. ఆ నీటితో పండిన గింజ వయసు ఎక్కువగా కనబడే అవకాశం లేదా?

కార్బన్_కొలత:
నత్తకో చేపకో అయితే ఉంది, గోధుమ, బార్లీలకు లేదు. మొక్క కార్బన్‌ని ఆకుతో గాలిలోంచి తీసుకుంటుంది, వేరు తీసుకునేది నీరూ లవణాలే. గింజలకు అంటిన మట్టి సున్నం సంగతంటారా, కొలిచేముందు ఆమ్లంలో కడుగుతారు, తరువాత క్షారంలో, మళ్లీ ఆమ్లంలో. మొదటి ఆమ్లంతో సున్నం పోతుంది, క్షారంతో మట్టిలోని హ్యూమిక్ పదార్థం (కుళ్లిన మొక్కలది) పోతుంది, చివరి ఆమ్లం క్షారం పీల్చుకున్న గాలి కార్బన్‌ని తీసేస్తుంది. లెక్క కూడా వేసి చూడొచ్చు. 200 ఏళ్ల దొంగ వయసు రావాలంటే నమూనాలో రెండు శాతం పైగా పూర్తిగా చచ్చిన (రేడియోకార్బన్ మిగలని) కార్బన్ కలవాలి. ఆరు నమూనాల్లోనూ అంతే మోతాదులో కలవాలి. అది జరగదు.

దివిటీ:
గార్‌స్టాంగ్‌కి సమాధుల్లో దొరికిన ఈజిప్టు ముద్రికల సంగతి? హత్‌షెప్సుత్, మూడో తుత్‌మోస్, మూడో అమెన్‌హోతెప్ పేర్లున్నవి. ముగ్గురూ 1550 తరువాతి ఫరోలే. ఊరు 1550లోనే పోతే ఆ తరువాత శవాలను పాతిపెట్టింది ఎవరు?

మట్టిపొర:
న్యాయమైన ప్రశ్న. ఆ ముద్రికలు శ్మశానంలోవి, కాలిన పొరలోవి కావు. ముద్రిక తాయెత్తులా తరాలు మారుతుంది కాబట్టి, ఆ రాజు కాలానికి ముందు పాతిపెట్టలేదని మాత్రమే చెబుతుంది. దిబ్బ చుట్టూ మనుషులు తిరుగుతూనే ఉన్నారు, సందేహం లేదు. కెన్యన్‌కి దిబ్బ మీద కూడా క్రీ.పూ. 14వ శతాబ్దపు చిన్న ఇంటి నేల, పొయ్యి, కూజా దొరికాయి. మిగతాది వానకు కొట్టుకుపోయిందని ఆమే రాశారు. చిన్న పల్లె ఉంటే ఉండొచ్చు. గోడలున్న పట్టణం ఉందనడానికి మట్టిలో జాడ లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాలిన ఊరు నిజం, గింజలు నిజం, ఇటుకల కుప్ప నిజం. తేదీ మాత్రం వాక్య కాలక్రమానికి కుదరడం లేదు, ఆ అడ్డంకి ఇంకా తొలగలేదు.

నేలపగులు:
గోడ సంగతి పక్కనపెట్టి నది సంగతి చూద్దాం. ఈ మొత్తం జాబితాలో భౌతికంగా నాకు బాగా ఆసక్తికరమైనది యెహోషువ 3:16. యొర్దాను నీళ్లు యెరికో దగ్గర కాదు, చాలా ఎగువన ఆదాము అనే ఊరి దగ్గర ఆగాయని వాక్యం ఊరు పేరు పెట్టి చెబుతుంది. అది ఇప్పటి దామియా, యెరికోకి ఉత్తరాన.

దామియా దగ్గర నది మెత్తటి మార్ల్ మట్టి (సున్నం కలిసిన బంకమన్ను) గట్ల మధ్య ఇరుకుగా పారుతుంది. ఆ మార్ల్ ఒకప్పటి లిసాన్ సరస్సు అడుగున పేరుకున్న పొరల మట్టి. నీరు గట్టు పాదాన్ని కోస్తూ ఉంటుంది, గట్టు నిట్టనిలువుగా మిగులుతుంది. ఆ లోయంతా మృతసముద్ర భ్రంశరేఖ (భూకంపాలు పుట్టే నేల పగులు) మీదే ఉంది. భూకంపం అక్కర్లేకుండా కూడా గట్టు జారుతుంది, భూకంపం వస్తే ఇంకా తేలిక. జారిన మట్టి నదికి అడ్డుకట్ట అవుతుంది. వెనక నీరు పెరిగి, పైనుంచి పొర్లి, గంటల్లో దాన్ని కోసేస్తుంది.

ఇది జరిగినట్టు రాత ఉంది. 1267 డిసెంబరులో దామియా వంతెన మరమ్మతు జరుగుతున్నప్పుడు గట్టు కూలి నది కొన్ని గంటలు ఆగిందని అరబ్బు చరిత్రకారుడు నువైరి రాశారు. ఆ వంతెన మామ్లూక్ సుల్తాన్ బైబర్స్ కట్టించినది. నది ఎండిన ఆ కాసేపట్లో పనివాళ్లు స్తంభాలు బాగుచేసుకున్నారట. 1927 జులై 11 భూకంపంలో 21 గంటలకు పైగా ఆగిందని గార్‌స్టాంగ్ రాసింది మాత్రం జాగ్రత్తగా వాడాలి. ఆనాటి రికార్డులు వెతికిన తరువాతి పరిశోధకులు దాన్ని ప్రశ్నించారు. ప్రసంగంలో చెప్పాలనుకునేవాళ్లు 1267నే చెప్పండి.

బెరయ_పాఠకుడు:
అంటే నది ఆగడం సాధ్యమని తేలింది. యెహోషువ కాలంలో ఆగిందని తేల్చే ఆధారం ఏదైనా ఉండగలదా?

నేలపగులు:
అడ్డుకట్టను నదే కోసేస్తుంది కాబట్టి దాని జాడ మిగలడం కష్టం. భూకంపం జాడ మాత్రం మిగులుతుంది. మృతసముద్రం అడుగున ఏటా సన్నటి పొరలు పడతాయి. వేసవిలో తెల్లటి అరగొనైట్ (సున్నపు ఖనిజం), చలికాలపు వరదలకు ముదురు మట్టి. భూకంపం వస్తే పైనున్న మెత్తటి పొరలు చిరిగి, మెలికపడి, కలిసిపోతాయి. దాని మీద మళ్లీ మామూలు పొరలు పడతాయి. ఆ చెదిరిన పొరల్లో క్రీ.పూ. 31 నాటి భూకంపమూ 1927దీ గుర్తించారు. పొరల్లోని పుల్లలు, ఆకులకు కార్బన్ తేదీ కడతారు. ఇబ్బంది ఎక్కడంటే, సరస్సు మట్టం తగ్గినప్పుడు ఒడ్డు పొరలు కోసుకుపోయి మధ్యలో ఖాళీలు వస్తాయి. పైగా క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో తేదీ పదుల ఏళ్ల అటూఇటూగానే వస్తుంది. కాబట్టి "ఆ కాలంలో పెద్ద భూకంపం వచ్చింది" వరకు చెప్పగలం. "ఆ వారం వచ్చింది" అని చెప్పలేం.

దివిటీ:
విశ్వాసికి ఇందులో ఇబ్బంది లేదు. వాక్యం ఎక్కడా గట్టు కూలలేదని అనలేదు. యాజకుల పాదాలు నీటి అంచున తగిలిన సమయానికే ఆగిందన్నదే అక్కడి అద్భుతం. ఆ సమయం సంగతి మట్టి చెప్పేది కాదని నేను ఒప్పుకుంటాను.

ఖగోళ_గణితం:
తప్పిపోయిన రోజు గురించి రాస్తున్నాను, అది ప్రతి రెండు మూడేళ్లకూ తిరిగొస్తుంది. నాసా కంప్యూటర్ వెనక్కి లెక్కకడుతూ ఆగిపోయిందని, సూర్యుడు ఆగాడన్న యెహోషువ 10లో 23 గంటల 20 నిమిషాలు, హిజ్కియా రాజుకు గుర్తుగా మెట్ల మీద నీడ వెనక్కి వెళ్లిన చోట (2 రాజులు 20) 40 నిమిషాలు దొరికాయని కథ. ఈ లెక్క కంప్యూటర్ల కంటే పాతది. 1890లో టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి ప్రచురించారు. 1960లలో హెరాల్డ్ హిల్ ప్రసంగాలతో నాసా పేరు దీనికి తోడైంది. అలాంటిదేమీ జరగలేదని నాసా చెప్పింది.

అసలు అది ఎందుకు కుదరదో చూడండి. కంప్యూటర్ ఇప్పటి స్థానాలు తీసుకుని గురుత్వ సూత్రాలతో వెనక్కి వెళుతుంది. అది చెప్పేది "ఏ ఆటంకం లేకపోతే ఎక్కడ ఉండాలి" అని. ఆ రోజున నిజంగా ఎక్కడ ఉందో చూసి రాసిన పరిశీలన పక్కన పెడితేనే తేడా కనబడుతుంది. అలా పనికొచ్చే గ్రహణ పరిశీలనలు బబులోను మట్టిపలకల్లో, చైనా గ్రంథాల్లో క్రీ.పూ. 720 చుట్టూ మొదలవుతాయి. వాటితో పోలిస్తే తేడా ఉంది, కానీ అది అలలపోటు వల్ల భూభ్రమణం మెల్లగా మందగించడం. వందేళ్లకు రోజు పొడవు దాదాపు 1.8 మిల్లీసెకన్లు పెరుగుతుంది. అది పేరుకుని క్రీ.పూ. 720 దగ్గర దాదాపు ఆరు గంటలవుతుంది. ఆ వంపు నునుపుగా ఉంటుంది, 40 నిమిషాల మెట్టు అందులో ఎక్కడా లేదు. యెహోషువ కాలానికి పోల్చే పరిశీలనే లేదు కాబట్టి ఆ 23 గంటలను ఎవరూ కొలిచి ఉండరు.

ఇదే కారణంగా క్రీ.పూ. 1207 అక్టోబరు 30 నాటి వలయాకార సూర్యగ్రహణమే యెహోషువ 10 అన్న 2017 నాటి ప్రతిపాదననూ ఆచితూచి తీసుకోవాలి. గ్రహణం ఉంది. కానీ ఆ నీడ గిబియోను మీద పడిందా, ఎన్ని వందల కిలోమీటర్లు పక్కకు పోయిందా అన్నది ఆ మందగింపు విలువ మీదే ఆధారపడుతుంది. ఆ విలువను పరిశీలనలు లేని కాలానికి పొడిగించి వాడుతున్నారు.

దివిటీ:
హిజ్కియా నీడకు సంబంధించి 2 దినవృత్తాంతములు 32:31 కూడా చూడండి. ఆ దేశంలో జరిగిన అద్భుతం గురించి తెలుసుకోవడానికి బబులోను అధిపతులు దూతలను పంపారని ఉంది. ఆకాశాన్ని రోజూ రాసిపెట్టుకునేవాళ్లే వచ్చి అడగాల్సి వచ్చిందంటే, అది ఆ మెట్ల మీద, ఆ ఊళ్లో కనబడిన సంగతి. భూమి మొత్తం వెనక్కి తిరిగిందని వాక్యం మీద రుద్దేది ఈ ఫార్వర్డులే.

సముద్రగర్భం:
రథచక్రాల మీద క్లుప్తంగా. అకాబా గల్ఫులో నువైబా దగ్గర చూశానని రాన్ వయట్ చెప్పినవి పగడపు ఆకారాలు. పగడం గుండ్రంగా, పుల్లలు పుల్లలుగా సహజంగానే పెరుగుతుంది. పరీక్షకు అందుబాటులో ఒక్క ముక్కా లేదు. వెచ్చటి ఉప్పునీటిలో తెరిచి ఉన్న కలపను ఓడపురుగు కొన్నేళ్లలో తినేస్తుంది. ఇసుకలో, గాలి తగలకుండా కూరుకుపోయిందే మిగులుతుంది. టర్కీ తీరంలో 1982లో దొరికిన ఉలుబురున్ ఓడ క్రీ.పూ. 14వ శతాబ్దం చివరిది. దాని కలప సరుకు బరువు కింద ఉన్నచోటే నిలిచింది. నిజంగా చక్రమైతే పగడాన్ని పగలగొట్టకుండా సీటీ స్కాన్ తీయొచ్చు, పగడానికి యురేనియం-థోరియం తేదీ (పగడం, సున్నపు పొరల వయసు కట్టే పద్ధతి), లోపలి కలపకు కార్బన్ తేదీ కట్టొచ్చు.

గాలి సంగతి మాత్రం గట్టి పని. డ్రూస్, హాన్ 2010లో నైలు డెల్టా తూర్పు భాగపు పాత సరస్సుకు నమూనా కట్టారు. సెకనుకు 28 మీటర్ల తూర్పుగాలి 12 గంటలు వీస్తే, రెండు మీటర్ల లోపు లోతున్న నీరు తొలగి, 3-4 కిలోమీటర్ల దారి నాలుగు గంటలు తెరుచుకుంటుంది. నిర్గమకాండము 14:21లోని రాత్రంతా వీచిన తూర్పుగాలికి ఇది దగ్గర. అయితే ఇది నమూనానే, ఆధారం కాదు. ఆ సరస్సు ఇప్పుడు లేదు, దాని లోతులు ఊహించి వేసుకున్నవి. పైగా అది గంటకు వంద కిలోమీటర్ల గాలి, ఎదురుగా పిల్లలతో నడవడం మాటలు కాదు.

సొదొమ గురించి కూడా ఒక మాట. జోర్డాన్ దేశంలోని టాల్ ఎల్ హమ్మామ్ దిబ్బ మీద క్రీ.పూ. 1650 ప్రాంతంలో ఉల్క గాలిలో పేలిందన్న 2021 పత్రాన్ని సైంటిఫిక్ రిపోర్ట్స్ 2025 ఏప్రిల్‌లో ఉపసంహరించుకుంది. 2021 వార్తలు చూపించి ప్రసంగించేవాళ్లకు ఈ సంగతి చేరవేయండి.

మట్టిపొర:
బెరయ_పాఠకుడు గారి జాబితాలో లేనిది, ఆధారం అన్నిటికంటే గట్టిగా ఉన్నది ఇంకోటుంది. క్రీ.పూ. 701, యూదా మీద ఆషూరు రాజు సన్హెరీబు దండయాత్ర, 2 రాజులు 18, 19. ఇక్కడ రెండు పక్షాల రాతలూ ఉన్నాయి. సన్హెరీబు మట్టి స్తంభాల్లో, బ్రిటిష్ మ్యూజియంలోని టేలర్ ప్రిజమ్‌తో సహా, 46 కోటలు పట్టానని, 2,00,150 మందిని చెరపట్టానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా యెరూషలేములో మూసేశానని ఉంది. కప్పం బంగారం 30 తలాంతులు రెండు రాతల్లోనూ ఒకటే. వెండి మాత్రం ఆషూరు లెక్క 800, వాక్యం లెక్క 300.

యెరూషలేము పట్టానని ఆయన ఎక్కడా రాయలేదు. నీనెవె రాజభవనంలో గోడల నిండా చెక్కించుకున్నది లాకీషు పట్టణాన్ని. లాకీషులో డేవిడ్ ఉస్సిష్కిన్ బృందం 1970ల నుంచి తవ్వితే శిల్పంలో ఉన్నట్టే నైరుతి మూలన గోడ ఎక్కడానికి పేర్చిన ముట్టడి రాళ్ల దిమ్మ, వందల బాణపు ములుకులు, వడిసెల రాళ్లు బయటపడ్డాయి. హిజ్కియా నీటి సొరంగం 533 మీటర్లు. 2003లో దాని గారలో చిక్కిన మొక్కల ముక్కలకు కార్బన్ తేదీ, పైన పేరుకున్న సున్నపు పొరకు యురేనియం-థోరియం తేదీ కట్టారు. రెండూ క్రీ.పూ. 700 వైపే చూపాయి. సన్హెరీబును కొడుకే చంపాడన్నది ఆషూరు, బబులోను రాతల్లోనూ ఉంది.

దివిటీ:
మరి ఒక్క రాత్రిలో యెహోవా దూత హతం చేశాడని 2 రాజులు 19:35 చెప్పే లక్షా ఎనభై అయిదు వేలమంది ఆషూరు సైనికులు? 2024లో ఆషూరు దండు శిబిరం దొరికిందని, దూత హతం చేసిన చోటు అదేనని వార్తలొచ్చాయి.

మట్టిపొర:
శీర్షికలు అలా పెట్టారు. ఆ వార్తల వెనకున్న పరిశోధన వ్యాసం లాకీషు శిల్పంలోని శిబిరం ఆకారాన్ని పాత ఫోటోల్లోని దిబ్బల ఆకారాలతో పోల్చింది. ఆ పోలికలోంచి మృతుల జాడ రాదు. హెరొడోటస్ మాత్రం తన రెండో పుస్తకంలో, ఈజిప్టు సరిహద్దున సన్హెరీబు సైన్యం విల్లుతాళ్లు ఎలుకలు కొరికేస్తే ఓడిపోయిందని రాశాడు. ఎలుకలంటే తెగులు అని కొందరు ఊహించారు. ఊహ పరీక్షకు నిలవాలంటే ఆ కాలపు సామూహిక గోతులు దొరకాలి, పళ్ల లోపలి గుజ్జు గదిలోంచి ప్లేగు క్రిమి డీఎన్‌ఏ తీయాలి. ఐదు వేల ఏళ్ల నాటి పళ్లలోంచి కూడా దాన్ని తీశారు, కాబట్టి పద్ధతి ఉంది. వేడి నేలలో డీఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది, అది ఒక ఇబ్బంది. ఆ వ్యాసం చూపిన చోటు యెరూషలేము ఉత్తరాన ఇళ్లూ రోడ్లూ వచ్చేసిన ప్రాంతం, అది రెండోది.